దండెం మీద బొంత, సొంత చిరునామా

(విజయవాడలో ఒక గ్రంథాలయం హాల్లో, ఏప్రిల్ నెలలో ఒక ఆదివారం సాయంత్రం, కథలు రాసేవాళ్ళు, చదివి వినిపించేవాళ్ళ ముందు ఇంట్లోనే కథలు రికార్డు చేసి ఇంటర్నెట్‌లో సొంత చోట పెట్టుకోవడం గురించి ఒక రిటైర్డ్ తెలుగు టీచరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక కోరిక. ఆ ఫ్యాన్లు కాసేపు కట్టేస్తారా? ఏప్రిల్ నెలలో బెజవాడలో ఈ మాట అడగడం దౌర్జన్యమేనని నాకూ తెలుసు. కట్టేశారా? సరే. ఇప్పుడు ఒక్క పది సెకన్లు ఎవరూ మాట్లాడకండి.

విన్నారా? బయట ఏలూరు రోడ్డు మీద హారన్లు. ఆ ట్యూబ్‌లైటు చోకు చేసే రొద. వెనక వరసలో ఎవరో చేగోడీల ప్యాకెట్టు విప్పుతున్నారు. (నవ్వులు) ఫర్వాలేదండీ, తినండి. నేను చెప్పేదేమిటంటే, ఇవన్నీ ఇందాకా ఉన్నాయి. మనకి కావలసింది పట్టుకుని మిగతాది పక్కన పెట్టడం మన చెవికీ మెదడుకీ అలవాటు. పెళ్ళి పందిట్లో సన్నాయి మోగుతున్నా పక్కవాళ్ళు చెప్పే రహస్యం మనకి వినబడేది అందుకే. మైకుకి ఆ తెలివి లేదు. దాని ముందు ఏముంటే అది రాసుకుంటుంది. మీ కథనీ, మీ ఫ్యానునీ ఒకే శ్రద్ధతో రాసుకుంటుంది.

నేను సౌండు ఇంజినీర్ని కాదు. తెలుగు పాఠాలు చెప్పుకుని రిటైరయ్యాను. ఈ పిచ్చి పట్టడానికి కారణం మా అత్తయ్య. ఆవిడది తెనాలి దగ్గర పల్లెటూరు. అచ్చులో ఎక్కడా కనబడని కథలు, విసుర్రాయి పాటలు, పొడుపు కథలు ఆవిడ దగ్గర లెక్కలేనన్ని ఉండేవి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆవిడని హాల్లో దివాను మీద కూర్చోబెట్టి, ఫోను టీపాయ్ మీద పెట్టి, మూడు గంటలు రికార్డు చేశాను. పైన ఫ్యాను ఐదులో తిరుగుతోంది. ఆవిడకీ ఫోనుకీ మధ్య నాలుగడుగులు. కింద నున్నటి టైల్స్, పైన శ్లాబు, చుట్టూ ఖాళీ గోడలు. సాయంత్రం ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే, అత్తయ్య నూతిలో కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. సరేలే, మళ్ళీ చేద్దాం అనుకున్నాను. ఆ మళ్ళీ రాలేదు. ఆ ఏడాది కార్తీకంలోనే ఆవిడ వెళ్ళిపోయారు.

ఆ మూడు గంటల్నీ బాగుచేయడానికి నేను చేయని ప్రయత్నం లేదు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు నేర్చుకున్నది దాని కోసమే. ఫ్యాను హోరు కొంత తగ్గింది. గది మాత్రం పోలేదు. ఫ్యాను కనీసం ఒకే తీరుగా మోగుతుంది, దాన్ని గుర్తుపట్టి తీయమని యంత్రానికి చెప్పొచ్చు. గోడలకి కొట్టుకుని తిరిగొచ్చింది ఆవిడ గొంతే కదా. గొంతులోంచి గొంతుని ఎలా తీస్తాం? ఇప్పుడు యాప్‌లు వచ్చాయి, గుంయ్ మనడం తగ్గిస్తాయి. వాటిలో వేసి చూశాను. శుభ్రంగానే వస్తుంది, కానీ ఆ ముక్కుతో అనే మాట, ఊపిరి తీసుకుని చిన్నగా నవ్వే నవ్వు, అవి పోతాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మనవాళ్ళు ఊరికే అనలేదు. కాబట్టి ఈ సాయంత్రం నేను ఎక్కువ చెప్పేది అడుసు తొక్కకుండా నడవడం గురించే.

నన్ను అందరూ మొదట అడిగేది, ఏ మైకు కొనాలండీ అని. ఇప్పుడే కొనకండి. ముందు రెండు బొంతలు తీయండి.

మన ఇళ్ళు కట్టుకున్న తీరు చూడండి. పూరిళ్ళ, పెంకుటిళ్ళ రోజుల్లో పైన తాటాకో చెక్కో, కింద అలికిన నేల. ఇంట్లో ధాన్యం బస్తాలు, నులక మంచాలు. శబ్దాన్ని తాగేసే సరుకు ఇంటినిండా ఉండేది. ఇప్పుడు ఆరు వైపులా రాయే. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. వెనకాలే టింగ్‌మని సన్నగా తోక వినబడిందా? రెండు ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా కొట్టుకోవడమే అది. మీ కథలో ప్రతి అక్షరానికీ ఆ తోక అంటుకుంటుంది.

ఇది తెలుగుకి ఇంకా పెద్ద తంటా. గడి అన్నా గడ్డి అన్నా తేడా ఏమిటి? ఆ డకారం దగ్గర నాలుక ఎంతసేపు ఆగిందన్నదే. గడ్డి అన్నప్పుడు మధ్యలో రెప్పపాటు నిశ్శబ్దం ఉంటుంది. ఒత్తు అంటే ఆ నిశ్శబ్దమే. గుంయ్ మనే గదిలో ముందు అక్షరం తాలూకు తోక వచ్చి ఆ ఖాళీని పూడ్చేస్తుంది. అప్పుడు ఒత్తులన్నీ మెత్తబడిపోతాయి. పిల్లల డిక్టేషన్‌లో ఒత్తులు పోతే మార్కులు తీసేదాన్ని. ఇప్పుడు నా గది కూడా అదే తప్పు చేస్తోంది!

ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న. పున్నమ్మతోటలో ఆ స్టూడియోకి మా బడి పిల్లల్ని తీసుకెళ్ళిన రోజు నాకు ఇంకా గుర్తు. ఒక బరువైన తలుపు తీస్తే చిన్న ఖాళీ, మళ్ళీ ఇంకో బరువైన తలుపు. లోపలికి అడుగుపెట్టగానే చెవులు మూసుకుపోయినట్టయింది. అల్లరి పిల్లలు కూడా గుసగుసలాడటం మొదలుపెట్టారు. మన రేడియో నాటకాల్లో ఊపిరి కూడా మాటలా వినబడిందంటే, నటుల గొప్పతనంతో పాటు ఆ గోడల గొప్పతనం కూడా ఉంది.

ఆ రెండు తలుపుల పనీ, ఆ గోడల పనీ వేరు వేరు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. బయటి శబ్దం లోపలికి రాకుండా ఆపాలంటే బరువు కావాలి, సందులు మూయాలి. లోపలి శబ్దం తిరిగి రాకుండా పీల్చాలంటే దూది, గుడ్డ లాంటి మెత్తటి మందం కావాలి. బొంత కట్టినంత మాత్రాన పక్కింటి మిక్సీ ఆగదు. గోడకి కోడిగుడ్ల అట్టలు అంటిస్తే బయటి చప్పుడు రాదని ఎవరో వీడియోలో చెబితే, మా మరిది గదినిండా అంటించాడు. బొద్దింకలు బాగా వచ్చాయి, అంతే. (నవ్వులు) థర్మోకోల్ కూడా ఈ పనికి దండగే.

నేను చేసేది ఇది. పడకగదిలో చీరల బీరువా తలుపులు రెండూ బార్లా తీస్తాను. దానికి ఎదురుగా, నా వెనక, దండెం కట్టి బూరుగుదూది బొంతని మడతపెట్టి వేలాడదీస్తాను. మంచం మీద పరుపు ఎలాగూ ఉంటుంది. బొంతని గోడకి అంటించకుండా బెత్తెడు ఎడంగా వదలండి. దీనికి లెక్క ఉంది. శబ్దం సెకనుకి ఇంచుమించు 343 మీటర్లు వెళుతుంది. హెర్ట్‌జ్ అంటే సెకనుకి ఒక ఊపు. 1000 హెర్ట్‌జ్ శబ్దం అలకి పొడవు 34 సెంటీమీటర్లు. గాలి కదలిక గోడ దగ్గర ఉండదు, అలలో నాలుగో వంతు దూరంలో, అంటే ఎనిమిదిన్నర సెంటీమీటర్ల దగ్గర, బాగా ఉంటుంది. బొంత పనిచేసేది కదిలే గాలి మీదే. అందుకే బెత్తెడు. 100 హెర్ట్‌జ్ బొంగురు శబ్దానికి ఇదే లెక్క వేస్తే 86 సెంటీమీటర్లు వస్తుంది, అది మన ఇళ్ళల్లో కుదరని పని. దాన్ని వదిలేయండి. పల్చటి కిటికీ కర్టెన్లు మాత్రం స, శ లాంటి పైశబ్దాల్నే కాస్త తాగుతాయి. గొంతు అసలు బరువుని వదిలేస్తాయి.

ఇక దూరం. మా అత్తయ్య విషయంలో నేను చేసిన అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. నోటికీ మైకుకీ దూరం రెట్టింపు చేస్తే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. డెసిబెల్ అంటే శబ్దం గట్టితనానికి కొలత. గదిలో తిరిగే శబ్దం మాత్రం తగ్గదు, అది ఎక్కడైనా ఒకటే. బెత్తెడు దూరం నుంచి జానెడు దూరానికి జరిగారంటే గొంతు ఒక మెట్టుకి పైనే దిగింది, గది అక్కడే ఉంది. నాలుగడుగుల దూరంలో పెడితే ఇక చెప్పేదేముంది? బెత్తెడుకి తగ్గకుండా, జానెడు దాటకుండా కూర్చోండి. మరీ దగ్గరికి వెళితే ఇంకో చిక్కు. మన భాషనిండా ప, బ, భ, ఫ. భగవంతుడు, ఫలితం, ప్రభుత్వం. ప్రతిసారీ నోట్లోంచి గాలి దెబ్బ వచ్చి మైకు మీద ధబ్బుమంటుంది. దానికి జల్లెడ లాంటి పాప్ ఫిల్టర్ అమ్ముతారు. అది లేకపోయినా మైకుని మూతికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి, పెదవి మూలకి ఎదురుగా పెడితే గాలి పక్కనుంచి పోతుంది, మాట మాత్రం పడుతుంది.

మైకు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. కండెన్సర్ మైకు సున్నితమైంది, వాటిలో చాలావాటికి 48 వోల్టుల కరెంటు వేరే అందించాలి. మంచి గది ఉంటే అది బంగారం. మన గదుల్లో పక్కవీధి కుక్కని కూడా పట్టుకుంటుంది. డైనమిక్ మైకు మొద్దు పిల్లాడు, దగ్గరికెళ్ళి చెబితేనే వింటాడు. మన ఊళ్ళకి మొద్దు పిల్లాడే మేలు. ఫోనుతోనే మొదలుపెడితే ఇంకా మంచిది. ఫోనుని ఫ్లయిట్ మోడ్‌లో పెట్టండి, కింది అంచున ఉన్న రంధ్రమే మైకు కాబట్టి ఆ వైపు మీకు చూపించండి, చేత్తో పట్టుకోకుండా నాలుగు పుస్తకాల మీద నిలబెట్టండి.

గొంతు ఎంత గట్టిగా రికార్డవుతోందో చూపించే పట్టీ ఉంటుంది కదా, అందులో మీ గట్టి మాటలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. మైనస్ 6 దాటనివ్వకండి. సున్నా తగిలిందంటే సౌండు పగిలిపోతుంది, పగిలిన కుండకి అతుకు పడదు. తక్కువగా వచ్చిందని భయపడకండి. 24 బిట్‌లో, అంటే శబ్దాన్ని సన్నసన్న మెట్లుగా కొలిచి రాసుకునే పద్ధతిలో, రికార్డు చేస్తే తర్వాత పెంచుకోవడానికి బోలెడంత చోటుంటుంది.

ఎప్పుడు రికార్డు చేయాలి? మా సత్యనారాయణపురంలో నేను పరిశోధన చేసి కనుక్కున్న సమయం తెల్లవారుజామున నాలుగు నుంచి అయిదింపావు. అయిదిన్నరకి పాలప్యాకెట్ల బండి, ఆరింటికి చెత్తబండి పాట, ఏడింటికి కుక్కరు. చైత్రంలో అయితే కోయిల. కవులు ఎంత మెచ్చుకున్నా, దాని కూత సరిగ్గా మన మాటల మధ్యలోకే వచ్చి కూర్చుంటుంది, తీయడం మహా కష్టం. ధనుర్మాసంలో గుడి మైకు నాలుగున్నరకే మొదలవుతుంది, ఆ నెల సెలవు. నాలుగింటికి ఏ ఎండాకాలమైనా ఫ్యాను లేకుండా అరగంట కూర్చోగలం. లాప్‌టాప్ వాడేవాళ్ళు చార్జరు పీకి, బ్యాటరీ మీద నడపండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్‌ది. తీగలోంచి అది దూరితే 50, 100 దగ్గర బుర్రుమనే రొద వస్తుంది.

చదవబోయే ముందు ఊపిరి బిగబట్టి పది సెకన్లు ఖాళీ గదిని రికార్డు చేయండి. ఇందాక మనం చేసింది అదే. ఇది బంగారం లాంటి పది సెకన్లు. ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్‌కి ఇది చూపించి, ఇదిగో దొంగ, వీణ్ణి పట్టుకో అని చెబుతాం. అక్కడ ఎన్ని డెసిబెల్స్ తగ్గించాలని అడుగుతుంది. నేను 6 నుంచి 9 లోపే ఆపుతాను. ఆశకొద్దీ 24, 30 పెట్టారంటే గొంతు నీళ్ళలోంచి బుడగలతో వచ్చినట్టుంటుంది.

ఇక్కడ కూడా మన భాష పద్ధతి ఒకటి గుర్తుపెట్టుకోవాలి. తెలుగులో అసలు సంగతి వాక్యం చివర ఉంటుంది. వెళ్ళాడు, వెళ్ళలేదు. ఇస్తాను, ఇవ్వను. ఊపిరి అయిపోయి మన గొంతు దిగిపోయేది సరిగ్గా అక్కడే. నాయిస్ గేట్ అనే సాధనం ఉంది, చిన్న శబ్దం వస్తే తలుపు మూసేస్తుంది. ఒకసారి అది మా స్నేహితురాలు చదివిన కథలో 'నేనతన్ని క్షమించలేదు'లో చివరి 'లేదు'ని మింగేసింది. కథ అడ్డం తిరిగింది. అందుకే గేట్ జోలికి నేను వెళ్ళను. వాక్యం చివరికొచ్చేసరికి ఊపిరి మిగిలేలా చదవడమే దానికి మందు. చదివే కాగితం మీద ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిలుతో గీతలు పెట్టుకోండి.

మిగతా పనులు కొంచెమే. 80 హెర్ట్‌జ్ కింద ఉన్నదంతా కోసేయండి, అక్కడ మన గొంతుకి పెద్ద పనిలేదు, లారీలూ ఫ్యాన్లే ఉంటాయి. చివర్లో మొత్తం బిగ్గరతనం సరిచేయాలి. పాడ్‌కాస్ట్‌లు, అంటే ఫోన్లో వినే ఆడియో కార్యక్రమాలు, అందించే యాపిల్ పాడ్‌కాస్ట్స్ వాళ్ళు ఆ బిగ్గరతనానికి చెప్పే కొలత మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ చుట్టుపక్కల, ఎంత గట్టి శబ్దమైనా మైనస్ 1 డెసిబెల్ దాటకూడదు. ఇది పాటించకపోతే ఏమవుతుందంటే, బస్సులో వినేవాడు మీ కథకి సౌండు పెంచుకుంటాడు, తర్వాత వచ్చే పాట వాడి చెవులు పగలగొడుతుంది. తిట్లు మీకు.

ఒరిజినల్‌ని వేవ్ ఫైలుగా, అంటే ఏమీ కుదించకుండా, దాచండి. 44.1 కిలోహెర్ట్‌జ్ (సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలవడం), 16 బిట్, మోనో (ఒకే చానెల్) అయితే నిమిషానికి 5.3 ఎంబీ. 24 బిట్ అయితే దానికి ఒకటిన్నర రెట్లు. జనానికి ఇచ్చేది ఎంపీ3, అంటే కుదించిన ఫైలు. ఒక్క గొంతే కాబట్టి 64 కేబీపీఎస్, అంటే సెకనుకి 64 కిలోబిట్లు, మోనో చాలు, ఇరవై నిమిషాల కథ 10 ఎంబీ లోపే. పొలం గట్టు మీద సిగ్నలు రెండు గీతలున్న చోట కూడా దిగుతుంది. ఎంపీ3 నుంచి మళ్ళీ ఎంపీ3 చేయకండి, జిరాక్సుకి జిరాక్సు తీసినట్టు ప్రతిసారీ కొంత పోతుంది.

ఇక రెండో సంగతి, ఎక్కడ పెట్టాలి అన్నది. ఇక్కడా నేను అడుసు తొక్కినదాన్నే. కథలు వినిపించే ఒక యాప్‌లో మూడేళ్ళపాటు నలభై కథలు పెట్టాను. వినేవాళ్ళు కూడా పెరిగారు. ఒకరోజు మెయిలు వచ్చింది, నెల రోజుల్లో సర్వీసు ఆపేస్తున్నామని. మా అమ్మాయి కాన్పు హడావుడిలో ఉన్నాను, మెయిలు చూసేసరికి గడువు దాటిపోయింది. నా దగ్గర ఒరిజినల్స్ మిగిలినవి పదకొండు. నలభై కథలకి పదకొండు! వినేవాళ్ళెవరో, వాళ్ళకి ఎలా చెప్పాలో కూడా తెలియదు. వాళ్ళ చిట్టా యాప్‌వాళ్ళ దగ్గరే ఉంది. ఆ యాప్‌వాళ్ళని తిట్టి లాభం లేదు. అద్దె ఇంటి గోడకి నేను మేకులు కొట్టుకుంటూ పోయాను.

అప్పుడు నేర్చుకున్నాను, ముందు సొంత చిరునామా తీసుకోవాలని. మీ పేరుతో ఒక డొమైన్‌కి, అంటే ఇంటర్నెట్‌లో సొంత చిరునామాకి, ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూ అవుతుంది. దాని మీద ఒక సాదా పేజీ, కథ పేరు, ఆడియో, కింద కథ పాఠం. ఆ పక్కనే ఆర్‌ఎస్‌ఎస్ అనే చిన్న ఫైలు. అందులో ఏముంటుందంటే, కొత్త కథ వచ్చింది, పేరు ఇది, ఆడియో ఇక్కడుంది అని వరసగా రాసి ఉంటుంది, అంతే. 2000 డిసెంబరులో డేవ్ వైనర్ అనే ఆయన ఆ ఫైలులో ఆడియో చిరునామా తగిలించే ఏర్పాటు చేశాడు. పాడ్‌కాస్ట్ అనే మాట అప్పటికి ఇంకా పుట్టలేదు. 2004 ఫిబ్రవరిలో బెన్ హామర్‌స్లీ గార్డియన్ పత్రికలో రాస్తూ, ఏ పేరు పెట్టొచ్చో అని వేసిన మాటల్లో అదొకటి. యాప్‌లన్నీ మీ ఇంటికొచ్చి ఆ ఫైలు చూసి వెళతాయి. మనం ఒక్కచోట పెడతాం, వాళ్ళు పది చోట్ల వినిపిస్తారు. ఒక యాప్ మూతపడితే ఇంకో యాప్‌లోంచి మీ చిరునామాకే వస్తారు. ఆడియో ఫైళ్ళు ఉంచడానికి డబ్బు పెట్టలేనివాళ్ళకి ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉంది, 1996 నుంచి నడుస్తున్న సంస్థ, ఉచితం. నేను యూట్యూబ్ వద్దనడం లేదు, అక్కడా పెట్టండి. వీధి అరుగు మీద కూర్చోవద్దని ఎవరంటారు? ఇల్లు మాత్రం మనది అయ్యుండాలి.

పాఠం యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరంగానే గుర్తుపట్టే పద్ధతిలో, పెట్టండి. ఈ ఊళ్ళో డీటీపీ చేసే మిత్రులు చాలామంది ఉన్నారు, వాళ్ళ మీద గౌరవంతోనే చెబుతున్నాను. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన కథని తెచ్చి వెబ్‌లో పెడితే, కంప్యూటరుకి అది తెలుగే కాదు, పిచ్చి గుర్తుల వరస. వెతికితే దొరకదు. 1991లో యూనికోడ్ మొదటి సంచికలోనే తెలుగు ఉంది.

ఇంకొకరి కథ చదవాలంటే? మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళ దాకా హక్కు వారసులది. గుంటూరులో శారదా నికేతనం పెట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1958లో పోయారు. ఆయన బతికుండగా అచ్చయిన రచనలు 2019 జనవరి 1 నుంచి అందరివీ. ఆ తర్వాత పోయిన వాళ్ళవైతే వారసుల్ని అడగండి, కాగితం మీద తీసుకోండి. రెండు వారాల్లో మూడు కుటుంబాలు నాకు సంతోషంగా సంతకం పెట్టి ఇచ్చాయి, వాళ్ళని అడిగినవాళ్ళే లేరట. కథ వెనకాల త్యాగరాజ కీర్తన పెట్టొచ్చు, కృతి అందరిదీ. కానీ ఎవరో పాడిన రికార్డు అందరిదీ కాదు, దానికి వేరే 60 ఏళ్ళు. మీ కోడలు పాడితే ఆవిణ్ణి అడిగి పెట్టండి. (నవ్వులు)

ప్రశ్న: అమ్మా, మీ అత్తగారి రికార్డింగు పెట్టారా మీ సైట్లో?

పెట్టానండీ. సగం బాగుచేసి కాదు, ఫ్యానుతో సహా ఉన్నది ఉన్నట్టు. కాకపోతే కింద ఆవిడ చెప్పిన ప్రతి మాటా టైపు చేసి పెట్టాను, వినబడని చోట చదువుకోవచ్చని. నాలుగు చోట్ల నాకూ అర్థం కాలేదు, అక్కడ చుక్కలు పెట్టి వదిలేశాను. మొన్న రేపల్లె నుంచి ఒకావిడ రాశారు, ఆ రెండో చుక్కల దగ్గర మాట 'కవ్వం' అయ్యుంటుంది, మా నాయనమ్మ ఆ పాటే పాడేది అని. మళ్ళీ విన్నాను. కవ్వమే.

ప్రశ్న: మా నాన్నగారికి ఎనభై ఆరు. ఇవన్నీ అమర్చేదాకా ఆగాలా?

ఆగకండి. ఇవాళ రాత్రే కూర్చోబెట్టండి. ఫ్యాను కట్టండి, ఆయనకి ఉక్కపోస్తే పది నిమిషాలకోసారి వేయండి. మంచం మీద కూర్చోబెట్టి ఫోనుని దిండు మీద, ఆయన నోటికి జానెడు దూరంలో పెట్టండి. వెనక ఒక రగ్గు. అంతే. రేపు ఉదయం దాన్ని ఇంకో రెండు చోట్లకి కాపీ చేయండి, అందులో ఒకటి ఈ ఊళ్ళో కాకుండా ఇంకో ఊళ్ళో ఉండాలి. వరద తెలిసిన ఊరు మనది.

ఇంకెవరైనా? లేరా? అయితే ఆ ఫ్యాన్లు వేసేయండి నాయనా, అందరూ చెమటలు కక్కుతున్నారు.